సూపు తాగినవాళ్ళ పేర్లు

యూజీన్ కీనన్ గారు పోయిన సంగతి ఆయన మేనకోడలు నోరా ఫోను చేసి చెప్పేదాకా నాకు తెలియదు. అప్పటికే ఆయన్ను మట్టిచేసి మూడు వారాలు దాటింది. నేను చెర్రీవుడ్‌లో మా ఆఫీసు కింద కాఫీ కోసం వరసలో నిలబడి ఉన్నాను. ఆవిడ తనెవరో చెప్పుకుని, డండాక్‌లో మామయ్య ఇల్లు ఖాళీ చేస్తున్నాననీ, ఆయన జీవితమంతా పోగుచేసిన పాత కరపత్రాలూ చిన్న పుస్తకాలూ ఒక లైబ్రరీకి ఇచ్చేస్తున్నాననీ, పెట్టెలు కట్టేసేలోగా ఒకసారి వచ్చి చూస్తారా అనీ అడిగింది. చరిత్ర సంఘంలో పాతకాలపు సభ్యులెవరో నా నెంబరు ఇచ్చారట. మీ నాన్నగారూ మా మామయ్యా అంత స్నేహితులు కదా, అంది. ఔనన్నాను. ఔనన్నాక కాఫీ సంగతి మరిచిపోయి వరసలోంచి బయటికి వచ్చేశాను.

ఆ స్నేహం సంగతి చెప్పాలంటే మా వంటింటి బల్ల దగ్గర మొదలుపెట్టాలి. అమ్మ నర్సుగా ముందు ఈ ఐరిష్ ఊరికి, డండాక్‌కు, వచ్చింది. ఏడాది తరవాత నాన్నా నేనూ వచ్చాం. నాకప్పుడు పన్నెండేళ్ళు. నాన్న ఒంగోలు దగ్గర మిషన్ హైస్కూల్లో చరిత్ర మాస్టారు. శామ్యేలు మాస్టారు వస్తున్నాడంటే వరండాలో పిల్లలు గోడకు అతుక్కుపోయేవాళ్ళు. ఆ రోజుల్లో నర్సుల భర్తలకు ఇక్కడ పని చేసే అనుమతి ఉండేది కాదు. అమ్మ పన్నెండు గంటల డ్యూటీకి వెళితే నాన్న బియ్యం కడిగేవాడు, బట్టలు ఆరేసేవాడు, వాన పడితే తీసేవాడు, ఆగితే మళ్ళీ ఆరేసేవాడు. డండాక్‌లో వాన రోజుకు నాలుగుసార్లు ఆగుతుంది. ఇంటికి వచ్చిన మా చర్చి సంఘం వాళ్ళు, ఏం మాస్టారూ కూర మీరే వండారా అని నవ్వుతూ అడిగితే ఆయన కూడా నవ్వి, వాళ్ళు వెళ్ళాక ఆ గిన్నెను సింకులోకి విసిరేవాడు. ఇరవయ్యేళ్ళు పాఠం చెప్పిన మనిషికి తరగతి లేకుండా పోయింది. మిగిలిన ఒకే ఒక్క విద్యార్థిని నేను.

ఇక్కడి మనుషుల ఇంగ్లీషు నాన్నకు లొంగలేదు. బస్సు డ్రైవరు మాట, పోస్టాఫీసు ఆవిడ మాట, డాక్టరు మాట, ఏదీ చెవికి ఎక్కేది కాదు. రెండుసార్లు అడిగి, మూడోసారి అడగడానికి సిగ్గుపడి, అర్థమైనట్టు తలూపి వచ్చేసేవాడు. కాగితం మీది ఇంగ్లీషు మాత్రం ఆయన చెప్పినట్టు వినేది. ఒకరోజు పాత సామాన్ల దుకాణంలో పగిలిన పింగాణీ కప్పుల కింద ఒక చిన్న కరపత్రం దొరికింది. తాగుడు మానమని ఎవరో పాదిరి రాసింది. నూట యాభై ఏళ్ళనాటిదై ఉంటుందని నాన్న ఆ సాయంత్రమంతా దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. తరవాత ఇంకొకటి, ఇంకొకటి. కౌలుదార్ల గొడవల కరపత్రాలు, ఎన్నికల్లో ఒకరినొకరు తిట్టుకున్నవి, పోపును తిట్టినవి, పోపును తిట్టినవాళ్ళను తిట్టినవి, ఉరితీసిన తిరుగుబాటుదారుల మీద పాటలు, నరకం ఎంత వేడిగా ఉంటుందో లెక్కగట్టి చెప్పిన ప్రసంగాలు. చర్చి హాళ్ళలో పాత వస్తువులు అమ్మే రోజున అందరూ దుప్పట్లూ బొమ్మలూ వెతుక్కుంటుంటే నాన్న మోకాళ్ళ మీద కూర్చుని కాగితాల అట్టపెట్టెల్లో చేతులు పెట్టేవాడు.

వాటిని చెమ్మ తగలకుండా పెట్టడానికి మా ఇంట్లో ఒకే చోటుంది, హాట్ ప్రెస్. ఇక్కడి ఇళ్ళల్లో వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమర అది. తువ్వాళ్ళూ దుప్పట్లూ అందులో వెచ్చగా ఉంటాయి. నాన్న తువ్వాళ్ళు తీసి బయటపెట్టి అరలన్నీ కరపత్రాలతో నింపాడు. ఆ తలుపు తీస్తే పాత చర్చిలో బెంచీల కింద వచ్చే వాసన, బొగ్గుపొగ, ఎలుకల వాసన కలిసి మొహానికి కొట్టేవి. అమ్మ యూనిఫారాలకు కూడా ఆ వాసన అంటేది. ఆవిడ మెట్ల రైలింగు మీద యూనిఫారం ఆరేసుకుని, తెల్లారి చెమ్మగానే వేసుకుని వెళ్ళేది.

రోజూ బడి నుంచి రాగానే నాకు బల్ల దగ్గర పాఠం. ఒక కరపత్రం ముందు పెట్టేవాడు. పైకి చదవాలి. ఇక్కడి పిల్లల యాసలో చదివితే చెక్క గరిటె వేళ్ళ కణుపుల మీద పడేది. మన యాసలో చదివితే, ఇంకా పల్లెటూరిదానిలాగే ఉన్నావేందే అని పడేది. ఎలా చదవాలో ఆయనకూ తెలియదని నాకు చాలా ఏళ్ళ తరవాత అర్థమైంది. పేజీ తప్పులేకుండా పూర్తయ్యేదాకా అన్నం లేదు. పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతూ ఉండేది, నేను శాశ్వత నరకాగ్ని గురించి చదువుతూ ఉండేదాన్ని. ఆ తరవాత బైబిల్ తీయించి తెలుగులో ఒక అధ్యాయం చదివించేవాడు. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ దెబ్బల వల్లే. అందుకు ఆయనకు కృతజ్ఞత చెప్పాలని అందరూ అంటారు. నాకు ఆ మాట నోట రాదు.

కీనన్ గారు మాకు ఒక చర్చి హాల్లోనే తారసపడ్డారు. ఒకే అట్టపెట్టెలో ఆయన చేయీ నాన్న చేయీ తగిలాయి. వడ్రంగం నేర్పే మాస్టారుగా రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. చిన్నప్పుడు గాల్వే అవతల సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన మనిషి. ఎర్రటి మొహం, బొటనవేలికి గోరు లేదు, ఎప్పుడూ తలమీద టోపీ. నాన్న చేతిలోని కాగితం చూసి, దాన్ని ఎవరు అచ్చువేశారో, ఎందుకు వేశారో అక్కడే నిలబడి చెప్పారు. నాన్నకు సగం అర్థం కాలేదు. నేను తెలుగులో చెప్పాను. అప్పటి నుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం మేము ఆయన ఇంటికి వెళ్ళేవాళ్ళం. నేను దుబాసీని.

ఆ ఇంట్లో ముందు గది అంతా అరలే, ఆయన స్వయంగా చేసినవి. ఒక్కో కరపత్రానికి మందపాటి కాగితంతో తొడుగు, దాని మీద పెన్సిలుతో పేరు. పెన్నుతో రాయకూడదనీ, వేలు తడిచేసి పేజీ తిప్పకూడదనీ నాకు నేర్పారు. నన్ను పెట్ అని పిలిచేవారు, ఇక్కడ పిల్లలను ముద్దుగా అలా అంటారు. నా చేతి కణుపులు వాచి ఉంటే ఒకసారి చూసి, ఏమీ అడగకుండా బిస్కెట్ల డబ్బా నా వైపు జరిపారు. అలాగని మెత్తటి మనిషేమీ కాదు. ఊళ్ళో ఎవరి తాత పోలీసులకు సమాచారం అందించాడో, ఎవరి ముత్తాత పక్కవాడిని ఖాళీ చేయించి భూమి కొట్టేశాడో అన్నీ ఆయనకు తెలుసు. దారిలో ఎదురైనవాళ్ళకు టోపీ ఎత్తి నమస్కారం పెట్టి, వాళ్ళు దాటగానే మాకు ఆ కథ చెప్పేవారు. నవ్వొచ్చేట్టుగా చెప్పేవారు. నాన్న పడిపడి నవ్వేవాడు.

సూపు తాగినవాళ్ళ గురించి చెప్పింది కూడా ఆయనే. నూట యాభై ఏళ్ళ కిందటి కరువులో ఆలుగడ్డలు కుళ్ళిపోయి జనం దారుల్లో పడి చస్తుంటే, పడమటి తీరంలో కొన్ని మిషన్లు గంజిలాంటి సూపు కాచి పోశాయట. ప్రార్థనకు వచ్చి, తమ పాత పోపు మతం వదిలినవాళ్ళకే సూపు. అందరూ అలా చేయలేదనీ, ఊరికే పెట్టినవాళ్ళూ ఉన్నారనీ అన్నారు. కానీ తాగినవాళ్ళను ఊరు క్షమించలేదు. కరువు పోయాక చాలామంది వెనక్కి పాత చర్చికే వచ్చేశారు, అయినా ఆ పేరు పోలేదు. మనవలూ మునిమనవలూ పెళ్ళి సంబంధాలకు వెళితే కూడా, వాళ్ళు సూపు తాగినోళ్ళు అని ఒక మాట వినపడేదట. ఇది చెప్పేటప్పుడు మాత్రం ఆయన నవ్వించలేదు.

అది విని నాన్న, నేను ఎప్పుడూ వినని కథ ఒకటి చెప్పాడు. తెలుగులో చెప్పి, నన్ను ఇంగ్లీషులో చెప్పమన్నాడు. నాన్న ముత్తాత మన వైపు పెద్ద కరువులో పిల్లల్ని ఇద్దరిని పూడ్చి, మూడో పిల్లను భుజాన వేసుకుని మిషన్ దొర గంజితొట్టి దగ్గరికి నడిచాడట. కాలువ తవ్వే పని ఇచ్చారు, గంజి పోశారు, ఆ తరవాత బాప్తిస్మం ఇచ్చారు. నాన్న బడిలో చదువుకునే రోజుల్లో పెద్దిళ్ళ పిల్లలు ఆయన వెనక నడుస్తూ, గంజి కిరస్తానోడా అని పాడేవాళ్ళట. ఆయన ఫస్టు మార్కు తెచ్చుకున్నా పాడారు, అదే ఊళ్ళో మాస్టారై వచ్చినా ఒకరిద్దరు గోడ చాటునుంచి పాడారు. నేను ఇంగ్లీషులోకి చెప్పడం ముగించాక కీనన్ గారు చాలాసేపు టీ కలుపుతూ ఉండిపోయారు. ఆ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు ఆయన నాన్నతో ఒంటరిగా ఏదో మాట్లాడారు. నేను అప్పటికి గేటు దగ్గర కుక్కతో ఆడుతున్నాను. వాళ్ళిద్దరూ కిటికీలోంచి కనపడుతున్నారు. కీనన్ గారు ఒక కాగితం మీద ఏదో రాసి ఇచ్చారు, నాన్న దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఊరి చరిత్ర సంఘం వాళ్ళు నెలకొక శనివారం మధ్యాహ్నం ఒక హాల్లో కలిసేవాళ్ళు. తొమ్మిదిమందో పదిమందో పెద్దవాళ్ళు. కీనన్ గారు మమ్మల్ని తీసుకెళ్ళారు. నాన్న చేత కుర్చీలు వేయించుకునేవాళ్ళు, తీయించుకునేవాళ్ళు. మంచివాడు అనేవాళ్ళు. నాలుగైదు నెలలు కుర్చీలు వేశాక నాన్నకు ఒక ఆశ పుట్టింది. తనూ ఒక ప్రసంగం చేయాలి. ఇక్కడి కరువూ అక్కడి కరువూ, ఇక్కడి సూపూ అక్కడి గంజీ. వారాలపాటు నోటు పుస్తకంలో రాసుకున్నాడు. చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళి, బట్టీపట్టిన రెండు వాక్యాల్లో సంఘం అధ్యక్షురాలిని అడిగాడు. ఆవిడ కీనన్ గారి వైపు చూసి, యూజీన్, నువ్వేమంటావు అంది.

కీనన్ గారు నవ్వేశారు. దారిలో ఎవరో దాటిపోయాక నవ్వేవారే, అదే నవ్వు. "శామ్యూల్ ఏం చెప్తాడు పాపం? వాడే ఒక బియ్యం క్రైస్తవుడు. భోజనం పెడితే బాప్తిస్మం పుచ్చుకున్న రకం," అన్నారు. అందరూ నవ్వారు. గట్టిగా కాదు, టీ కప్పుల్లోకి నవ్వారు. అందరూ నవ్వుతున్నారని నాన్న కూడా నవ్వాడు. నవ్వుతూనే నా వైపు తిరిగి, "ఏమన్నాడే?" అని అడిగాడు.

నేను ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు. తరవాత చూద్దామంటున్నారు అని చెప్పినా సరిపోయేది. ఆ పొద్దున ఆయన కొట్టిన దెబ్బకు నా కుడిచేతి వేలు ముడుచుకోవడం లేదు. ఆయన మొహం ఎలా మారుతుందో చూడాలనిపించింది. అందుకని ఒక్క మాట వదలకుండా తెలుగులో చెప్పాను. బియ్యం క్రైస్తవుడు అన్నదాన్ని ఎలా చెప్పాలో ఒక్క క్షణం ఆలోచించి, గంజి కిరస్తానోడు అన్నారు నాన్నా, అన్నాను. చూడాలనుకున్నది చూశాను. ఆయన లేచి కుర్చీలన్నీ ఒక్కొక్కటే మడిచి గోడకు ఆనించాడు, మీటింగు ఇంకా అవలేదు.

తరవాతి శనివారాల్లో మేము కీనన్ గారింటికి వెళ్ళలేదు. నాన్న బస్సెక్కి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాడు. రెండు నెలల తరవాత ఒకరోజు పల్చటి ఆకుపచ్చ అట్ట పుస్తకం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. పడమటి తీరంలో ఒక మిషన్ వాళ్ళు తమ పని గురించి అచ్చువేసుకున్న నివేదిక. చివరి పేజీల్లో, తమ వల్ల చీకటి లోంచి వెలుగులోకి వచ్చినవాళ్ళంటూ పేర్లు ఉన్నాయి. నాన్న నన్ను కొట్టలేదు ఆ వారం. పక్కన కూర్చుని, గరిటె లేకుండా, ఆ చివరి పేజీల్లో మొదటి సగం రోజూ చదివించాడు. "ఇక్కడి పిల్లల మాదిరే చదువు. వాళ్ళకి ఒక్క ముక్క కూడా అర్థం కాకుండా పోగూడదు," అన్నాడు. రెండో సగం మీద మాత్రం చెయ్యి అడ్డం పెట్టేవాడు.

ఆ నెల మీటింగులో, మా అమ్మాయి ఒక చిన్న కాగితం చదువుతుంది అని అధ్యక్షురాలిని అడిగాడు. కిందటిసారి జరిగినదానికి ఆవిడకూ కాస్త బాధగా ఉన్నట్టుంది, తప్పకుండా అంది. నేను నిలబడి చదివాను. ఒక్కో పేరు, వాళ్ళు చేసే పని, ఎంతమంది పిల్లలు, వాళ్ళకు మిషన్ ఇచ్చినది. ఒక విధవ, ఇద్దరు పిల్లలు, మొక్కజొన్నపిండి. ఒక నేతపనివాడు, భార్య, దుప్పటి. పేజీ తిప్పాను. నేను ముందెప్పుడూ చదవని పేజీ. మూడో పేరు యూజీన్ కీనన్. జాలరి, భార్య, ఐదుగురు పిల్లలు, రోజూ సూపు, ఒక దుప్పటి.

నేను ఆగాను. నాన్న వైపు చూశాను. ఆయన తల ఆడించాడు. గదిలో ఒక్క కప్పు చప్పుడు లేదు. ఈ దేశం వచ్చాక అంతమంది పెద్దవాళ్ళు నేను చెప్పేది అంత శ్రద్ధగా వినడం అదే మొదటిసారి. నాకది బాగుంది. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను, నాకది బాగుంది. ఆ పేరు సరిగ్గా వినపడలేదేమోనన్నట్టు ఇంకొకసారి చదివి, మిగతా పేర్లన్నీ చివరిదాకా చదివాను.

కీనన్ గారు చెయ్యి చాచి, ఆ పుస్తకం ఒకసారి చూడొచ్చా అని అడిగారు. నాన్న నా చేతిలోంచి దాన్ని తీసుకుని ప్లాస్టిక్ కవరులో పెట్టి సంచిలో వేసుకున్నాడు. ఆయన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తరవాత లేచి టోపీ తీసుకున్నారు. తలుపు దగ్గర నా ముందు ఆగి, "చాలా బాగా చదివావు, పెట్," అన్నారు. వెటకారంగా అనలేదు. మాస్టారు పిల్లకు చెప్పినట్టే చెప్పి వెళ్ళిపోయారు.

ఆయన మళ్ళీ ఆ సంఘానికి రాలేదు. ఎవరూ రావద్దనలేదు, రమ్మని కూడా అడగలేదు. ఆయన కథలు చెప్పి నవ్వించిన కుటుంబాలు ఊరినిండా ఉన్నాయి. ఆ వారంలోనే ఆయన గేటు గోడ మీద ఎవరో ఒక సూపు డబ్బా పెట్టారు. నేను బడికి వెళ్ళే దారి అదే. మూడు రోజులు అది అక్కడే ఉంది. తీసి చెత్త బిన్నులో వేయడానికి నాకు రెండు క్షణాలు పట్టేది. నాలుగో రోజు రెండు డబ్బాలయ్యాయి. తలుపు సందులోంచి సూపు పొడి ప్యాకెట్లు కూడా తోశారని మా క్లాసు పిల్లలు చెప్పుకుని నవ్వితే నేనూ నవ్వాను. మరోవైపు చరిత్ర సంఘం వాళ్ళు నాన్నను ప్రసంగానికి పిలిచారు. స్కోన్లనే బన్నులూ టీ పెట్టారు. గ్రాండ్ టాక్, శామ్యూల్ అన్నారు, ఇక్కడ బాగుందనడానికి ఆ మాటే. ఆయన ఇంటికొచ్చి నోటు పుస్తకం మూసేసి, మళ్ళీ ఒక్క కరపత్రం కొనలేదు. హాట్ ప్రెస్‌లోకి తువ్వాళ్ళు తిరిగొచ్చాయి.

అమ్మకు నెల తరవాత తెలిసింది, ప్రార్థనలో ఎవరో ఆంటీ మెచ్చుకుంటూ చెబితే. ఇంటికి వచ్చి కోటు కూడా విప్పకుండా బల్ల దగ్గర నిలబడింది. "ఆకలేసి తిన్నోళ్ళని ఎత్తిపొడిచిన మనుషులకా నేను రోజూ డ్యూటీ చేసి తిండి పెడతా ఉంది," అంది. మర్నాడు ఆవిడ ఒక డబ్బాలో కోడికూరా అన్నం పెట్టుకుని కీనన్ గారి తలుపు తట్టింది. ఆయన తలుపు తీయకుండా లోపలి నుంచే, మీరు చాలా మంచివారు, నేను గ్రాండ్, నాకేమీ వద్దు అన్నారట. తిండి పట్టుకుని ఆ గుమ్మం ముందుకు వెళ్ళడం ఎలా ఉంటుందో ఆవిడకు వెనక్కి తిరిగాక తట్టింది. దారంతా ఏడుస్తూ వచ్చింది.

ఇదంతా జరిగి పాతికేళ్ళు కావస్తోంది. నోరా పిలిచిన శనివారం నేను లోపలికి వెళ్ళేసరికి అరలన్నీ సగం ఖాళీగా ఉన్నాయి. ఆవిడకు అరవై దాటి ఉంటాయి. గాల్వేలో వైద్య పరికరాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయింది. మామయ్య ఛాతీ బాగోక సంఘానికి వెళ్ళడం మానేశాడని ఆవిడకు తెలుసు, అంతే. టీ పోస్తూ ఒక సంగతి చెప్పింది. చిన్నప్పుడు సెలవులకు ఇక్కడికి వస్తే మామయ్య అప్పుడప్పుడు ఒకే రకం పుస్తకం, ఆకుపచ్చ అట్టది, ఎక్కడినుంచో కొని తెచ్చి పొయ్యిలో వేసేవాడట. కాల్చేదానికి కొనడం ఎందుకని అడిగితే, నేను కొనకపోతే ఇంకెవరో కొంటారు అనేవాడట. ఈ అరలన్నీ, ఈ వందల కరపత్రాలన్నీ, ఆ ఒక్క పుస్తకాన్ని వెతుకుతున్నట్టు ఎవరికీ తెలియకుండా ఉండటానికే మొదలుపెట్టానని, నోరా పెద్దయ్యాక ఆవిడతో ఒప్పుకున్నాడట. "ఇంకొక్క కాపీ ఎక్కడో మిగిలి ఉందనేవాడు. నమ్మకమైన స్నేహితుడికి ఒక్కడికే చెప్పానన్నాడు. మీ నాన్నగారికే అనుకుంటా. అది దొరికిందా మరి?" అని నోరా అడిగింది.

కనుక్కుని వస్తానని చెప్పి బయటపడ్డాను. మా అమ్మానాన్నల ఇల్లు అక్కడికి పది నిమిషాలు. దారిలో మా అబ్బాయి గురించి ఆలోచించాను. వాడు పోయిన ఏడాది బడిలో కరువు మీద ప్రాజెక్టు చేశాడు. అలాంటి పేర్ల జాబితాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. అమెరికా నుంచి వచ్చిన మనుషులు తమ ముత్తాత పేరు అందులో కనపడితే సంబరపడి ఫొటో తీసుకుంటారట. సూపు తాగడం తిట్టెలా అయిందని వాడు నన్ను ఇంగ్లీషులో అడిగాడు, ఆకలేసింది, తిన్నారు, అందులో ఏముంది అని. వాడిలా అడిగేవాడు ఆ హాల్లో ఆనాడు ఒక్కడు లేడు. కానీ ఆ సిగ్గు ఎంత బరువో కూడా వాడికి తెలియదు, ఎంత చెప్పినా తెలియదు. ఏది మెరుగో నాకు తేలలేదు.

నాన్న కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. చెవిలో వినికిడి మిషన్ ఉంది. కీనన్ గారు పోయారని ముందే చెప్పాను, ఊ అన్నాడు. నోరా అడిగినది చెప్పాను. ఆయన చేతులు ఆగలేదు.

"దొరికిందని చెప్పు," అన్నాడు.

అప్పుడు అడిగి తెలుసుకున్నాను. ఆ రోజు కీనన్ గారు కాగితం మీద రాసిచ్చింది ఆ పుస్తకం పేరు. నాన్న ముత్తాత కథ విన్నాక, తన పేరే ఉన్న తన ముత్తాత కథ చెప్పి, ఎక్కడైనా కనపడితే తెచ్చిపెట్టు, కాల్చేస్తాను అని అడిగారు. నా చెవిన పడకూడదని నన్ను పంపేశాకే చెప్పారు. నాన్నకు ఆయన మాట అర్థం కాదని అన్నీ పెద్ద అక్షరాలతో రాశారు.

ఆయన నిన్ను నమ్మి కదా చెప్పింది, అన్నాను. "నేనూ నమ్మే చెప్పా, మా తాతోళ్ళ సంగతి. తన గుట్టు నా జేబులో పెట్టి, పదిమందిలో నా గుట్టు తీసింది ఎవరు?" అన్నాడు. ఆ పుస్తకం ఇప్పుడెక్కడుందని అడిగాను. ఇల్లు మారినప్పుడు పాత పేపర్లతోపాటు బిన్నులో పడేశానన్నాడు. ఏ ఏడాదో కూడా గుర్తులేదు. నేను లేచి నిలబడ్డాను. ఆయన చిక్కుడు ఈనె ఒకటి పొడుగ్గా లాగి, తలెత్తకుండా, "ఆయనన్న మాట నాకు ఆరోజు సగమే తెలిసింది. పూర్తిగా తెలుగులో చెప్పింది నువ్వు. ఏం చెప్తన్నావో నీకు తెలుసు, నీ మొహం చూశా," అన్నాడు.

నేను తిరిగి నోరా దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అట్టపెట్టెకు టేపు అంటిస్తోంది. నేను నిలబడే అంతా చెప్పాను. హాలు, నేను చదివిన పేరు, రెండోసారి చదవడం, గోడ మీద డబ్బాలు, నాన్న చెప్పినది, బిన్ను. ఏదీ దాచలేదు. దాచకుండా చెబుతున్నాననే తృప్తి కూడా మధ్యలో ఎక్కడో కలిగింది. ఆవిడ ఆపకుండా టేపు అంటిస్తూనే ఉంది. నేను చెప్పడం అయిపోయాక కత్తెర కింద పెట్టింది.

"ప్రతి ఆదివారం ఫోన్లో మాట్లాడేదాన్ని. నాకు ఎవరూ లేరే అని ఒక్కనాడు అనలేదు. శామ్యూల్ ఉన్నాడుగా అనేవాడు. చివరిదాకా అదే అన్నాడు," అంది. మళ్ళీ టేపు అందుకుని, "దొరకలేదు అని ఒక్క మాట చెప్పి ఉంటే మీకేం పోయేది?" అంది.

నిజం చెప్పడం సరైన పని అనుకున్నానన్నాను. "మీకు సరైనదే," అంది ఆవిడ. అంతలో లైబ్రరీ వాళ్ళ వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు ఒక్కడే వచ్చాడు, నడుం నొప్పి, బరువు ఎత్తలేనన్నాడు. నోరా పెట్టె ఒక కొస పట్టుకుని నా వైపు చూసింది. నేను రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం పక్కపక్కగా అడుగులేస్తూ, గుమ్మం దగ్గర పెట్టెను వంచి, ఒక్కొక్కటే మోశాం. కాగితం అంత బరువుంటుందని ఎత్తేదాకా తెలియదు. ఆఖరి పెట్టె లోపల పెట్టాక ఆవిడ వ్యాను తలుపు వేసి, చేతులు కోటుకు తుడుచుకుని, థాంక్యూ అని, నేను ఇంకా గేటులోపలే ఉండగా ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.